ఒక్క గుప్పెడు చూసి 38 బస్తాలకు రేటు కట్టారు, ఇదెక్కడి లెక్క?

పరకాల_పోరడు
బాపు మొన్న వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి తీసుకెళ్లాడు. తేజ రకం, 38 బస్తాలు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, ఆ రోజు సెలవు పెట్టి వెంట వెళ్లా. పొద్దున జెండా పాట (రోజు మొదటి వేలం) అయ్యాక ఖరీదుదారు మా లాట్ దగ్గరికి వచ్చాడు. వరసలో ఐదోదో ఆరోదో ఒక బస్తా కుట్టు విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీశాడు. అరచేతిలో పరిచాడు. ఇరవై కాయలుంటాయేమో, అందులో మూడు తెల్లగా పాలిపోయినవి. ఒక కాయ తుంచి వాసన చూశాడు. "తాలు కలిసింది" అన్నాడు, పక్కనున్న అతనికి వేళ్లతో ఏదో చూపించాడు. అంతే. క్వింటాకు 14,000 వస్తుందనుకున్నది 11,600 దగ్గర ఆగింది.

ఇంకో బస్తా విప్పి చూడమని అడిగా. "అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి గిన్నెంతా తింటామా తమ్మీ" అని నవ్వుకుంటూ పక్క లాట్‌కు పోయాడు.

మూడు కాయలు. 38 బస్తాలు, అంటే 16 క్వింటాళ్లు. 38 వేల పైనే పోయింది. అంత చిన్నదాన్ని చూసి ఇంత పెద్దదాని గురించి మనుషులు ఎలా తేల్చేస్తారసలు? తల వేడెక్కి రాస్తున్నా.

చపాటా
మూడు తాలు కాయలకు 38,400. అంటే కాయ 12,800. ఇంకా పొలం ఎందుకు, ఆ మూడు కాయలు లాకర్‌లో పెట్టుకోండి.

మిర్చియార్డు_మామ
26 ఏళ్లు అడ్తిలో (కమీషన్ దుకాణంలో) గుమాస్తాగా చేసినవాణ్ని, రెండు ముక్కలు చెప్పనివ్వు తమ్మీ. సీజన్‌లో యార్డులో కాలు పెట్టే సందు ఉండదు, నువ్వే చూశావు. ఖరీదుదారు ఒక పూటలో ఎన్ని లాట్లు తిరగాలో ఆలోచించు. లాట్‌కు అర నిమిషం దొరికితే గొప్ప. ఆ అర నిమిషంలో అతను చూసేది తాలు ఒక్కటే అనుకున్నావా? గుప్పిట బిగించి వదులుతాడు. ఎండిన కాయ గలగలమంటుంది, తేమ ఉన్నది చప్పుడు చేయకుండా మెత్తగా వంగుతుంది. తొడిమ రంగు చూస్తాడు. తుంచినప్పుడు గింజ రాలిందా, తోలుకు అతుక్కుందా చూస్తాడు.

ఇంకొకటి. మోచేతి దాకా చెయ్యి ఎందుకు పెట్టాడు? మూతి దగ్గర మంచి కాయలు పోసి అడుగున తాలు నింపే బస్తాలు అతను వందల్లో చూశాడు. ఆ అలవాటు అతనికి నేర్పింది మనమే.

పరకాల_పోరడు
ఎవరో చేసిన మోసానికి మా బాపు కట్టాలా?

మిర్చియార్డు_మామ
కట్టాలని అన్లేదు. కడుతున్నాడు అంటున్నా.

తర్కం_టీచర్
ఆ ఖరీదుదారు చెప్పిన గిన్నె మాట చాలా పాతది. స్థాలీపులాక న్యాయం అంటారు. స్థాలి అంటే కుండ, పులాకం అంటే మెతుకు. ఒక్క మెతుకు వేళ్ల మధ్య నలిపి కుండంతా ఉడికిందని దించేస్తాం, ఎప్పుడో తప్ప తప్పు పోదు. ఎందుకు పోదో చూడండి. ఒకే బియ్యం, ఒకే నీళ్లు, ఒకే మంట. మధ్యలో గరిటె కూడా తిప్పాం. ఈ మెతుక్కీ ఆ మెతుక్కీ తేడా రావడానికి కారణమేదీ లేదు.

అదే పెళ్లిలో గుండిగకు వండిన బగారా అన్నం అనుకోండి. అడుగున మాడుతుంది, పైన పలుకుంటుంది. ఏ వంటవాడూ ఒక్క మెతుకు చూసి దించడు, మూడు చోట్ల గరిటె దింపుతాడు. మీ గొడవ గుప్పెడు గురించి అనుకుంటున్నారు గానీ నేను కుండ గురించి అడుగుతాను. ఆ 38 బస్తాలూ ఒకే కుండా? ఒకే చెలక, ఒకే ఏరుడు, ఒకే కల్లమేనా?

పరకాల_పోరడు
ఒకే రైతు, ఒకే విత్తనం. ఒకే కుండే సార్.

లెక్కల_సారు
గుప్పెడు పెద్దదైతే చాలనుకునేవాళ్ల కోసం ఒక పాత సంగతి. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి కార్డులు పంపింది. 24 లక్షల మంది దాకా నింపి తిరిగి పంపారు. వాటిని లెక్కపెట్టి, రూజ్వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తున్నాడని అచ్చేసింది. తీరా చూస్తే అప్పుడున్న 48 రాష్ట్రాల్లో 46 రూజ్వెల్ట్‌కు పోయాయి.

పేర్లు ఎక్కడి నుంచి తీశారయ్యా అంటే ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల జాబితాల నుంచి. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఎవరింట్లో ఉంటాయి? పైగా కార్డు నింపి పోస్ట్ చేసేంత పట్టుదల ఉన్నవాళ్లది వేరే బాపతు. అదే ఎన్నికల్లో గాలప్ అనే సర్వేలు చేసే ఆయన అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ మందిని అడిగి రూజ్వెల్టే అన్నాడు. ఆ పత్రిక రెండేళ్లకు మూతపడింది. మూతి దగ్గర తీస్తే 24 లక్షల గుప్పెడైనా అంతే.

చపాటా
మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో బ్రహ్మాండమైన మెజారిటీతో గెలిచిన ఆయనకు బయట డిపాజిట్ రాలేదు. ఇప్పుడర్థమైంది.

హంటర్‌రోడ్_ఓనర్
నేను ఆ ఖరీదుదారు పక్షమే. తిట్టుకోండి, పర్లేదు. మా ఆయన పోయాక పైన రెండు పోర్షన్లు అద్దెకిచ్చి ఇల్లు నడుపుకుంటున్నా. 2019లో నలుగురు బ్యాచిలర్ పిల్లలకిచ్చా. మూడు నెలల కరెంటు బిల్లు ఎగ్గొట్టి, తాళం చెవి తులసికోటలో పెట్టి రాత్రికి రాత్రి పోయారు. బాత్‌రూమ్ తలుపుకు నా చెయ్యి పట్టేంత రంధ్రం. దాన్ని ఎలా చేశారో ఇప్పటికీ అంతు చిక్కలేదు. మర్నాడే గేటుకు "ఫ్యామిలీలకు మాత్రమే" అని బోర్డు కట్టించా.

అందరూ అలాంటివాళ్లు కాదని నాకు తెలియదా? తెలుసు. కానీ వచ్చిన అబ్బాయి ఎలాంటివాడో తెలుసుకోవడానికి నా దగ్గర ఏముంది? పది నిమిషాల మాట, ఒక ఆధార్ జిరాక్స్.

ఇంకా_బ్యాచిలరే
ఆ నలుగురి పుణ్యమా అని నేను మే నెల ఎండలో నయీంనగర్ నుంచి వడ్డేపల్లి దాకా 17 గేట్లు కొట్టా ఆంటీ. ఒక చోట "పెళ్లయ్యాక రా బాబూ" అన్నారు. ఇల్లు లేదని పిల్లనివ్వరు, పిల్ల లేదని ఇల్లివ్వరు.

హంటర్‌రోడ్_ఓనర్
నన్ను చూడకుండానే ఆంటీ అని తేల్చావు కదా నాయనా, మరి దాన్నేమంటారు?

ఇంకా_బ్యాచిలరే
తప్పైంది అక్కా. పోర్షన్ ఖాళీ ఉందా అక్కా?

కాజీపేట_జంక్షన్
ఓనర్ గారూ, ఒక చిన్న డౌట్. మీకు ఫ్యామిలీలెవరూ ఎగ్గొట్టలేదా?

హంటర్‌రోడ్_ఓనర్
ఎందుకు ఎగ్గొట్టలేదు, కరోనా తర్వాత వచ్చిన ఒకాయన ఐదు నెలలు ఎగ్గొట్టాడు. భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్నారు. మీరడిగాక ఆలోచిస్తున్నా. అప్పుడు "ఫ్యామిలీలు ఇంతే" అని నాకు తోచనే లేదు. "ఆ మనిషి అట్లాంటోడు" అనుకుని ఊరుకున్నా. పిల్లలప్పుడు మాత్రం "బ్యాచిలర్లు ఇంతే" అనుకున్నా. ఎందుకో మరి.

తర్కం_టీచర్
మీరు ఫ్యామిలీ మనిషి కాబట్టి. మనవైపు ఒకడు తప్పు చేస్తే ఆ ఒక్కడి ముఖమే కనిపిస్తుంది. ఎందుకంటే అలా చేయని ముఖాలు పది మనకు తెలుసు. అటువైపు అయితే మనకు తెలిసిన ముఖం అదొక్కటే, ఇక గుంపంతా ఆ ముఖమే తొడుక్కుంటుంది.

నర్సమ్మ_ములుగు
అందరూ తొందరపడి తేల్చేయడం తప్పన్నట్టు మాట్లాడుతున్నారు. మా పనిలో తొందరపడకపోతే మనిషి దక్కడు.

మన పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివే. జెర్రిపోతు కరిస్తే గాయం కడుక్కుంటే సరి. అయినా రాత్రి పొలంలో కాలికి ఏదో తగిలిందంటే "పామంటే విషమే" అనుకుని పరుగెత్తుకు రావడమే నయం. అది తప్పైతే ఏమవుతుంది? ఒక రాత్రి మంచం మీద ఉంచుకుంటాం. రక్తం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా పెట్టి గడ్డకట్టిందో లేదో చూస్తాం. ఏమీ లేకపోతే మర్నాడు ఇంటికి పంపుతాం.

ఇప్పుడు రెండో వైపు. "కాటు పడితే మంట పుడుతుంది, వాస్తుంది, రెండు గాట్లుంటాయి" అని ఊళ్లో అందరికీ తెలుసు. వాళ్లు చూసిన కాట్లు అలాంటివే. నాగుపాము, రక్తపింజర కరిస్తే మామూలుగా అలాగే ఉంటుంది. కానీ కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది. చాలాసార్లు నొప్పి తెలియదు, గాటు దొరకదు. ఒకసారి ఒక తల్లి పదేళ్ల పిల్లను తెల్లవారుజామున తీసుకొచ్చింది. కడుపునొప్పి, రాత్రి తిన్నది అరగలేదంది. నేను పేరడిగితే ఆ పిల్ల గడ్డం పైకెత్తి, తల వెనక్కి వాల్చి నన్ను చూస్తోంది. రెప్పలు లేవక అలా చూస్తోందని నాకు ఒక క్షణం తర్వాత తట్టింది. డాక్టర్ గారు మొదట అడిగిందే "రాత్రి ఎక్కడ పడుకుంది" అని. కిందే, చాప మీద. పాము కరవలేదని ఇంటిల్లిపాదీ ఒట్టు పెడుతున్నారు. విరుగుడు మొదలుపెట్టి వెంటిలేటర్ ఉన్నచోటికి పంపాం. బతికింది. ఆ మధ్య జాతరలో కనిపించింది, పొడుగైంది.

అందుకే నాకు ఎవరు ఏది తేల్చినా రెండు ప్రశ్నలు వస్తాయి. తప్పైతే పోయేది ఏంటి? ఎవరిది పోతుంది?

పరకాల_పోరడు
> తప్పైతే పోయేది ఏంటి? ఎవరిది పోతుంది?

నర్సమ్మ గారూ, నేను చెప్పలేకపోయింది ఇదే. ఖరీదుదారు అంచనా తప్పైతే మాకు 38 వేలు నష్టం, ఆయనకు 38 వేలు లాభం. తప్పైతే లాభమొచ్చేవాడు ఇంకో బస్తా ఎందుకు విప్పుతాడు?

మిర్చియార్డు_మామ
ఆగు తమ్మీ. రెండో వైపు తప్పైతే? తాలు దొరక్కుండా కొన్నాడనుకో, కారం మిల్లువాడు లారీ వెనక్కి పంపుతాడు. అలా మునిగినవాళ్లను నేను చూశా. కానీ ఒక మాటలో నీకు సాయం చేస్తా. 200 బస్తాలు తెచ్చిన పెద్ద రైతు అయితే ఖరీదుదారు తనంతట తానే మూడు నాలుగు విప్పుతాడు, కుర్చీ వేయించి చాయ్ కూడా తెప్పిస్తాడు. అర నిమిషం మాట అప్పుడు గుర్తు రాదు. ఇది మాత్రం అన్యాయమే.

ఇంకొకటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. 14,000 వస్తుందని నీకెవరు చెప్పారు?

పరకాల_పోరడు
ముందు రోజు పేపర్‌లో చూశా. తేజ 14,000 అని వేశారు.

మిర్చియార్డు_మామ
అది జెండా పాట. ఆ రోజు యార్డులోకెల్లా మేలైన లాట్‌కు పలికే రేటు. జెండా లాట్ కాయ అద్దంలా ఉంటుంది, ఒక్కటి ఏరి పారేద్దామన్నా పనికిరానిది దొరకదు. మిగతావన్నీ దానికింద మెట్లు దిగుతూ పోతాయి. పేపర్‌వాడు పై మెట్టు రాస్తాడు, జిల్లా అంతా తన మిర్చి ఆ మెట్టు మీదే ఉందనుకుంటుంది. ఖరీదుదారు ఒక గుప్పెడు చూసి 38 బస్తాల సంగతి తేల్చాడు. నువ్వు ఒక లాట్ చూసి యార్డు సంగతి తేల్చావు.

చపాటా
మామ గారు కుట్టు విప్పారు, తాలు దొరికింది.

బొగ్గుబాయి
ఇంత దాకా వచ్చింది కాబట్టి నేనూ ఒకటి విప్పుతా. పోరడా, పోయిన నెల ఉద్యోగాల చర్చలో నువ్వు రాసింది: "ఆ కాలేజీ నుంచి ఇద్దర్ని ఇంటర్వ్యూ చేశా, ఇద్దరికీ బేసిక్స్ రావు, ఇప్పుడు ఆ కాలేజీ పేరు కనిపిస్తే రెజ్యుమే పక్కన పడేస్తున్నా." మా తమ్ముడు ఆ కాలేజీలోనే చదివాడు. భూపాలపల్లిలో మా క్వార్టర్‌లో కూర్చుని రోజుకు ఇరవై అప్లికేషన్లు పెడుతున్నాడు. ఇద్దర్ని చూశావు. నీ ఖరీదుదారు నయం, ఇరవై కాయలైనా చూశాడు.

పరకాల_పోరడు
అది వేరు అన్నా. ఒక పోస్టుకు 400 రెజ్యుమేలు వస్తాయి. అన్నీ చదివే టైం ఎక్కడుంటుంది?

మిర్చియార్డు_మామ
లాట్‌కు అర నిమిషం.

హంటర్‌రోడ్_ఓనర్
పది నిమిషాలు, ఆధార్ జిరాక్స్.

పరకాల_పోరడు
సరే సరే. అందరూ కలిసి పీక్కుతినండి.

కాజీపేట_జంక్షన్
పోరడిని కాసేపు వదిలేయండి, నా పరువు నేనే తీసుకుంటా. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు వారంలో ఐదు రోజులు వెళ్లొస్తా. నా బండి "రోజూ లేటే" అని పదేళ్లుగా ఆఫీసులో, ఇంట్లో, చాయ్ బండి దగ్గర చెబుతూ వచ్చా. ఒకరోజు మా అమ్మాయి "నాన్నా, రాసిపెట్టు చూద్దాం" అంది. జేబు డైరీలో నెల రోజులు రాశా. 22 రోజుల్లో పావుగంట కంటే ఎక్కువ లేటైంది ఆరు రోజులు. ఆరే.

టైంకు వచ్చిన రోజు నేను ఎక్కి నిద్రపోతా, ఆ రోజు నాకు యాదికి ఉండదు. లేటైన రోజు ప్లాట్‌ఫాం మీద నిలబడి ప్రతి ఐదు నిమిషాలకూ గడియారం చూస్తా, ముగ్గురికి ఫోన్ చేసి చెబుతా. ఒక్క లేటును నాలుగుసార్లు గుర్తుపెట్టుకుంటున్నానన్నమాట. డైరీ చూపిస్తే మా ఆవిడ "మీరు ఇంటికి లేటుగా వచ్చిన రోజులు కూడా రాయండి" అంది. అక్కడితో ఆపేశా.

లెక్కల_సారు
ట్వెర్‌స్కీ, కానెమన్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో దీని మీదే రాశారు. ఏది తేలిగ్గా గుర్తొస్తే అదే ఎక్కువసార్లు జరుగుతుందని అనుకుంటామట. మీ డైరీ పద్ధతి మంచిది. ఇంట్లో వద్దు.

ఇంకా_బ్యాచిలరే
ఇంత కష్టమెందుకు, మన పెద్దలు సామెతలు చేసి పెట్టారుగా. తొందరపడాలనుంటే "ఆలస్యం అమృతం విషం". పడుకోవాలనుంటే "నిదానమే ప్రధానం". రెండూ నిజమే. ఏది కావాలంటే అది తీసుకోవచ్చు.

తర్కం_టీచర్
"నిప్పు లేనిదే పొగ రాదు" కూడా చేర్చుకోండి. తర్కశాస్త్రంలో ఇదే మొదటి పాఠం. 17వ శతాబ్దంలో తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంలోనూ ఈ ఉదాహరణే. వంటింట్లో పదేపదే చూస్తాం, పొగ ఉన్నచోటల్లా నిప్పుంది. దాన్ని వ్యాప్తి అంటారు. ఆ తర్వాత దూరంగా గుట్ట మీద పొగ కనిపిస్తే, నిప్పు కనపడకపోయినా ఉందంటాం. ఇంతవరకూ బాగుంది.

తిరగేసి చూడండి. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుప కడ్డీకి ఉండదు. పొగ రావాలంటే కట్టె తడిగా ఉండాలి. ఆ తడిని ఉపాధి అంటారు, అంటే బయటికి కనపడకుండా మధ్యలో దూరిన షరతు. పాతకాలపు వంటిల్లు మాత్రమే చూసినవాడికి నిప్పూ పొగా కవలపిల్లల్లా కనిపిస్తాయి. తడి కట్టె వల్ల అలా కనిపిస్తోందని తెలియాలంటే ఇంకో రకం పొయ్యి చూడాలి. మా అవ్వకు గ్యాస్ పొయ్యి వచ్చిన కొత్తలో పొగ లేదని దాని మీద వండిన అన్నానికి నమ్మకం కుదరలేదు, ఒక నెల తినలేదు.

ఇక ఈ సామెతను ఊళ్లో దేనికి వాడతామో మీకు తెలుసు. ఎవరి గురించో పుకారు రాగానే "నిప్పు లేనిదే పొగ వస్తుందా" అంటాం. పుకారుకు నిప్పు అక్కర్లేదు, ఊదేవాడుంటే చాలు.

చపాటా
నా పేరుకు కారణం ఇప్పుడు చెప్పొచ్చు. వరంగల్ చపాటా మిర్చి చూశారా? ఎర్రగా, గుండ్రంగా, టమాటాలా ఉంటుంది. టమాటా మిర్చి అనే పేరు కూడా ఉంది. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొత్తగా చూసినవాళ్లు ఆ ఎరుపు చూసి రెండడుగులు వెనక్కేస్తారు. తీరా కారం చాలా తక్కువ, రంగు కోసమే కొంటారు. పక్కనే సన్నగా, బక్కగా ఉన్న తేజ మాత్రం నాలుక ఊడగొడుతుంది. హాస్టల్‌లో నన్ను "వరంగల్‌వాడు, వీడికి కారం లెక్క కాదు" అని ప్రతి కూరలో కారం వేసి పెట్టేవాళ్లు. నేను పెరుగన్నం బాపతు మనిషిని. నాలుగేళ్లు ఏడ్చా.

బొగ్గుబాయి
ఇటుక నీళ్లలో మునుగుతుందని ఎవరైనా పందెం కాస్తారు. రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో తేలుతుంది. 1213 నాటి గుడి. మా చిన్నప్పుడు స్కూల్ టూర్‌లో సారు చెబితే ఎవరం నమ్మలేదు, ఎందుకంటే ఆ సారు మిగతావన్నీ అబద్ధాలే చెప్పేవాడు.

మెట్ట_రైతు
మీరంతా చదువుకున్నోళ్లు. మా దగ్గర ఇంకో రకం ఉంది, దాన్నేమంటారో చెప్పండి. 2023లో మిర్చి రేటు మస్తు పలికింది. అందరం ఏమనుకున్నాం? మిర్చి వేస్తే పైసలొస్తయి. నేను పత్తి తీసేసి రెండెకరాలు మిర్చి వేసిన. మా పాలోళ్లు వేసిండ్రు, పక్క ఊరోళ్లు వేసిండ్రు. 2025కు వచ్చేసరికి రేటు పడిపోయింది. అంతకుముందు 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూతంతా రాలగొట్టినప్పుడు కూడా ఇట్లనే, "మిర్చి ఇక లాభం లేదు" అని సగం మంది వదిలేసిండ్రు. వదలనోళ్లకు తర్వాత రేటొచ్చింది. మేం అనుకున్నది అనుకున్నప్పుడు నిజమే. అందరం అనుకునేసరికి అబద్ధమైతది.

లెక్కల_సారు
మెట్ట_రైతు గారూ, మీరు చెప్పింది ఇంతవరకూ వచ్చినవాటన్నిటికంటే గట్టిది. పాముకు మనం దాని గురించి ఏమనుకుంటున్నామో తెలియదు, అనుకున్నంత మాత్రాన దాని విషం పెరగదు, తగ్గదు. రేటు అలా కాదు. మనం అనుకున్నది మన చేతుల్లోంచి పొలంలోకి, పొలంలోంచి యార్డులోకి వస్తుంది.

ఇంకా_బ్యాచిలరే
బ్యాచిలర్ల సంగతీ అదే సార్. మంచి గేట్లన్నీ మూసేస్తే చివరికి దొరికేది తలుపు లేని బాత్‌రూమ్ ఉన్న ఇల్లు. అందులో ఉన్నవాడు ఇల్లు బాగా చూసుకుంటాడా? అప్పుడు "చూశారా, బ్యాచిలర్లు" అంటారు.

హంటర్‌రోడ్_ఓనర్
మా బాత్‌రూమ్‌కు తలుపుందమ్మా. రంధ్రమే ఉంది. ఆదివారం వచ్చి మాట్లాడు, మీ అమ్మగారి ఫోన్ నంబర్ తీసుకురా. ఇంకా ఒప్పుకున్నట్టు కాదు.

నర్సమ్మ_ములుగు
చర్చలో మొదటి సంబంధం కుదిరింది.

పరకాల_పోరడు
రెండు రోజులు రాలేదు. టీచర్ గారు అడిగిన కుండ ప్రశ్న మనసులో తిరుగుతూనే ఉంది. నిన్న రాత్రి బాపుకు ఫోన్ చేసి "అన్నీ ఒకే చెలకవేనా" అని అడిగా. కాసేపు మాట్లాడలేదు. 29 బస్తాలు ఇంటి పక్క చెలకవి. తొమ్మిది ఒర్రె పక్క చెలకవి, కల్లం మీద ఉండగా వాన పడింది, పరదా కప్పేలోపే తడిశాయి. హమాలీలు దించేటప్పుడు అన్నీ కలిసిపోయాయి. "నీకు ముందే తెలుసా" అంటే తెలుసన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదంటే, "దొరకదేమో అనుకున్న బిడ్డా" అన్నాడు.

లెక్కల_సారు
ఒక్క నిమిషం. 29 బస్తాలకు 13,000 వేద్దాం, తొమ్మిదింటికి తాలు రేటు 7,000. సగటు 11,579. మీకు పలికింది 11,600. ఖరీదుదారు క్వింటాకు 21 రూపాయలు ఎక్కువే ఇచ్చాడు!

చపాటా
ఆ తొమ్మిదీ పూర్తి తాలు కాదు కదా సారూ, తడిసి కొంత పాడైనవి. 7,000 ఎందుకు, 10,000 వేయండి. అప్పుడు 12,290 దాకా వస్తుంది. మీకు కావలసిన జవాబు వచ్చే అంకె మీరు ముందే ఏరుకున్నారు.

లెక్కల_సారు
ఏరుకున్నానేమో.

పరకాల_పోరడు
అతని చెయ్యి తొమ్మిదింట్లో ఒకదాని మీద పడింది. మిగతా 29లో పడుంటే బాపు అనుకున్నట్టే అయ్యేది, నేను ఇక్కడికి వచ్చి ఏమీ రాసేవాణ్ని కాదు. ఇంకా రెండు బస్తాలు విప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అంటా. కాకపోతే ముందున్నంత గట్టిగా అనలేకపోతున్నా.

బొగ్గుబాయి
కాలేజీ సంగతి?

పరకాల_పోరడు
తమ్ముడి రెజ్యుమే పంపు అన్నా. చదువుతా. చదువుతా అని మాత్రమే అంటున్నా.

మిర్చియార్డు_మామ
రెండో ఏరుడు ఎప్పుడు తమ్మీ?

పరకాల_పోరడు
వచ్చే వారం మామా. ఈసారి బాపు తాలు వేరుగా ఏరిస్తున్నాడు, మూడు బస్తాలవుతాయట. గుర్తుకు వాటి మూతికి ఎర్ర దారం కడతానంటున్నాడు.

మిర్చియార్డు_మామ
ఎర్ర దారం వద్దని చెప్పు. దారం కట్టిన బస్తా ఒకటి వరసలో కనిపిస్తే పక్కవన్నీ అట్లాంటివే అనుకుంటారు. ఆ మూడూ వేరే లాట్‌గా, నాలుగు వరసల అవతల దింపించు.